అత్తమ్మ చేతిలో దూది: డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు మాంటిస్సోరి పద్ధతిలో పని ఎలా ఇవ్వాలి

మా అత్తమ్మకు డిమెన్షియా అని డాక్టరు చెప్పిన కొత్తలో నేను చేసిన మొదటి ఘనకార్యం పెసరపప్పూ శనగపప్పూ కలిపెయ్యడం. ఎక్కడో వీడియోలో చూశాను, రెండు రకాల గింజలు కలిపి ఇచ్చి వేరు చెయ్యమంటే మెదడుకు పని దొరుకుతుందని. పెద్ద పళ్లెంలో పోసి ఆమె ముందు పెట్టాను. ఒకసారి పళ్లెం వంక, ఒకసారి నా వంక చూసి, "ఎవలు కలిపిన్రే ఇవి? కండ్లు కనవడ్తలేవా?" అంది. పళ్లెం పక్కకు నెట్టేసి ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. కోడలికి వంటింటి తెలివి లేదని ఆమెకు ముందునుంచీ అనుమానమే, ఆ రోజు రుజువైపోయింది.

కొన్నాళ్లకు, మార్చిలో, కింది ఫ్లోర్ ఆవిడ ఊరినుంచి తెచ్చిన కొత్త చింతపండు మూడు కిలోలు మాకూ ఇచ్చింది. మూట విప్పి హాల్లో పెట్టి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని గింజలు తీస్తోంది. ఈనెలు ఒక పక్క, గింజలు ఒక పక్క, పండు కొంగు మీద. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి గుర్తులేని మనిషి గంటసేపు తల ఎత్తలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "ఉప్పు కలిపి జాడీలకెత్తు, లేకుంటే పురుగు పడ్తది" అని నాకు చెప్పింది.

రెండూ ఏరి వేరు చేసే పనులే. ఒకటి నేను కల్పించింది, రెండోది ఇంటికి నిజంగా కావలసింది. ఆ తేడా ఆమెకు తెలుసు. మీ ఇంట్లో ఉన్న పెద్దావిడకో, పెద్దాయనకో కూడా తెలుస్తుంది. ఇక్కడ చెప్పే మాంటిస్సోరి పద్ధతంతా ఆ తేడా పట్టుకుని నడిచేదే.

మన హైదరాబాద్‌లో మాంటిస్సోరి అంటే సందుకో బోర్డు, రంగురంగుల గేటు, ఎల్‌కేజీ అడ్మిషన్లు. ముసలివాళ్లకు దానితో ఏం పని అని మా ఆయన కూడా నవ్వాడు. మరియా మాంటిస్సోరి ఇటలీ డాక్టరమ్మ. 1907లో రోమ్ నగరంలో పేదలుండే శాన్ లొరెంజో పేటలో చిన్నపిల్లల బడి తెరిచింది. పిల్లలకు బొమ్మ సామాన్లు కాకుండా నిజమైన చెంబు, నిజమైన చీపురు, వాళ్ల చేతికి సరిపోయే సైజులో ఇచ్చింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిని 1990లలో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి తెచ్చినవాడు కామెరాన్ క్యాంప్ అనే అమెరికా సైకాలజిస్టు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే ఆల్జీమర్స్ జబ్బు మొదట దెబ్బతీసేది కొత్త సంగతులు దాచుకునే చోటును. చేతికి అలవాటైపోయిన పనులు మెదడులో వేరే చోట్ల ఉంటాయి. అవి చాలాకాలం నిలుస్తాయి. నిన్న ఎవరొచ్చారో చెప్పలేని మనిషి పూలు ఎలా కట్టగలుగుతోందో ఇప్పుడు అర్థమైందా? ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఇది మందు కాదు, జబ్బు తగ్గదు. గాబరా, చిరాకు, "ఇంటికి పోతా" అనే గొడవ కొంత తగ్గవచ్చు. రోజులో ఒకటి రెండు గంటలు మనిషి మనిషిలా కూర్చుంటుంది. నాకు అదే చాలా ఎక్కువ అనిపించింది.

ముందు డాక్టరు

మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ వచ్చినా మనిషి అచ్చం అలాగే అయిపోవచ్చు, వీటికి వైద్యం ఉంది. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. కొన్ని నిద్రమాత్రలు, కొన్ని జలుబు మందులు కూడా పెద్దవాళ్లను అయోమయంలో పడేస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో ఒక్కసారిగా తేడా అయిపోతే అది యూరిన్ ఇన్ఫెక్షనో మరోటో కావచ్చు. అప్పుడు పనులు పెడుతూ కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కళ్లజోడు, వినికిడి మిషన్ కూడా చూసుకోండి. మా అత్తమ్మకు పని మీద ఆసక్తి పోయిందని పది రోజులు బాధపడ్డాక తెలిసింది, కళ్లజోడు నిండా కొబ్బరినూనె మరకలు.

ఒక నోట్‌బుక్ కొనండి

వారం రోజులు ఏ పనీ ఇవ్వకండి, ఊరికే చూస్తూ రాసుకోండి. ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్య ఆ చేతులు ఏం చేశాయి? రోజులో ఏ గంటలు బాగుంటాయి, ఏ గంటలు బాగుండవు? దేన్ని ఏ మాటతో పిలుస్తుంది?

"వంట ఇష్టం" అని రాస్తే లాభం లేదు. "జొన్నరొట్టె చేత్తోనే తట్టేది, అప్పడాల కర్ర ముట్టేది కాదు" అని రాస్తే పనికొస్తుంది. మీకు తెలియనివి వాళ్ల చెల్లెళ్లను, ఊళ్లో వాళ్లను ఫోన్ చేసి అడగండి. మా అత్తమ్మ పెళ్లికి ముందు బీడీలు చుట్టేదని మా ఆయనకే తెలియదు, సిద్దిపేటలో ఉన్న చిన్నత్తమ్మ చెప్పింది.

మా నోట్‌బుక్‌లో మొదటి వారం పేజీ ఇలా ఉంది: "పొద్దున 9 నుంచి 11 బాగుంటుంది. 4 దాటాక లేచి తలుపు దగ్గరికి పోతుంది. కొంగు అంచు విప్పుతుంది, ముడి వేస్తుంది, మళ్లీ విప్పుతుంది." ఆ కొంగు ముడి సంగతి మూడు రోజులు అర్థం కాలేదు. వెనకటికి కూరగాయలకు పోతే డబ్బులు కొంగుకే కట్టుకునేది. ఇప్పుడు ముడి విప్పితే ఏమీ లేదు, డబ్బులు పోయాయని ఆమె వెతుకులాట. రెండు పది నోట్లు, ఒక ఐదు రూపాయల బిళ్ల కట్టి ఇచ్చాను. విప్పి చూసుకుని, లెక్కపెట్టుకుని, మళ్లీ కట్టుకుంటుంది. సాయంత్రం తలుపు దగ్గర గొడవ సగానికి సగం తగ్గింది.

ఈ వారంలోనే చదవడం వస్తుందేమో చూడండి. అట్ట మీద పెద్ద అక్షరాలతో "చేతులు కడుక్కో" అని రాసి చేతికివ్వండి. మాట తడబడుతున్నవాళ్లు కూడా చాలామంది గట్టిగా చదివేస్తారు, చిన్నప్పుడు వచ్చిన చదువు అంత తేలిగ్గా పోదు. మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 1948కి ముందు నిజాం కాలంలో బడికెళ్లినవాళ్లలో ఉర్దూ మీడియం చదివినవాళ్లు ఎక్కువ. అలాంటి తాతయ్యకు తెలుగు అట్ట పెట్టి చదవడం లేదని నిరాశపడకండి, ఉర్దూలో రాయించి చూడండి.

ఇల్లు సర్దడం

మాంటిస్సోరి బడిలో పిల్లకు ఏం కావాలన్నా తన ఎత్తుకు తగ్గట్టు, చేతికి అందేలా, ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ఇంట్లోనూ అదే చెయ్యాలి. అవసరమైనవి కంటికి కనిపించాలి, అక్కర్లేనివి కనిపించకూడదు.

బాత్రూమ్ తలుపుతో మొదలుపెట్టండి. నేను "మరుగుదొడ్డి" అని ప్రింట్ తీయించి అతికించాను. ఆమె దాని ముందు నిలబడి, అక్షరం అక్షరం చదివి, ముందుకు వెళ్లిపోయింది. ప్రభుత్వం వాళ్లు తప్ప ఆ మాట ఎవరంటారు? "లెట్రిన్" అని మార్కర్‌తో రాసి పెట్టిన రోజునుంచి చాలాసార్లు తనే వెళ్తోంది. అందుకే వాళ్ల మాటలు నోట్‌బుక్‌లో రాసుకోమన్నది. అక్షరాలు అంగుళం పైన ఉండాలి, తెల్ల కాగితం మీద నల్లగా, కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా. డిజైన్ అక్షరాలు వద్దు. బీరువాలో కూడా పైన చీరలు, కింద జాకెట్లు అని రాసి పెట్టండి. రెండో తలుపు తాళం వేసేసి ఒక్క అరే తెరిచి ఉంచితే ఇంకా మేలు.

తెల్ల ప్లేటులో పెరుగన్నం పెడితే ఎక్కడ అన్నం ఉందో, ఎక్కడ ప్లేటు ఉందో కళ్లకు తెలియదు. ముదురు నీలం ప్లేటు కొన్నాక మా అత్తమ్మ అన్నం మిగల్చడం తగ్గింది. నల్ల డోర్‌మ్యాట్ కొందరికి గొయ్యిలా కనిపిస్తుంది, దాటడానికి భయపడతారు, తీసేయండి. రాత్రి మంచం నుంచి లెట్రిన్ దాకా చిన్న లైట్లు వెలగనివ్వండి. సామాను జరిపే సరదా ఉంటే కొన్నేళ్లు వాయిదా వేసుకోండి.

ఒక పని, ఒక ట్రే

ఇప్పుడు అసలు సంగతి. ఒక్క పని ఎంచుకోండి. దానికి మూడు పరీక్షలు: ఒకప్పుడు ఆ చేతులకు వచ్చి ఉండాలి, ఇంట్లో దాని అవసరం నిజంగా ఉండాలి, తప్పు చేసినా ఎవరికీ నష్టం ఉండకూడదు. చింతపండు ఏడాదికి ఒకసారే కాబట్టి మేం వత్తులకు దిగాం. మా ఇంట్లో రోజూ దీపం పెడతాం, కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కావాలి. పనికి కొదవ లేదు.

ట్రే ఇలా సర్దాను. ముదురు ఎరుపు ప్లాస్టిక్ ట్రే, తెల్ల దూది దాని మీద బాగా కనిపిస్తుంది. ఎడమవైపు దూది గిన్నె, మధ్యలో చిన్న పీట, వేళ్లు అద్దుకోవడానికి మూతలో కాస్త విభూది, కుడివైపు అయిపోయినవి వేసే స్టీలు గిన్నె. పని ఎడమ నుంచి కుడికి నడవాలి, మనం చదివే వైపే. కావలసినవన్నీ అందులోనే ఉండాలి. మధ్యలో లేచి ఏదైనా తెచ్చుకోవాల్సి వస్తే పని అక్కడే ఆగిపోతుంది. పీట మీద మార్కర్‌తో జానెడు దూరంలో రెండు గీతలు గీశాను, వత్తి ఈ గీత నుంచి ఆ గీత దాకా రావాలి. పొట్టిదైతే ఆమెకే కనిపిస్తుంది, నేను చెప్పక్కర్లేదు. మాంటిస్సోరి పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే: తప్పు సామానే చూపిస్తుంది, పక్కన మనిషి వేలు చూపించదు. స్టీలు గిన్నెలో ముందే నాలుగు వత్తులు చేసి వేసి ఉంచండి, ఏం చెయ్యాలో అవే చెబుతాయి.

పిలవడం. "అత్తమ్మా, జర వత్తులు చేసి పెడ్తవా? రేపు సోమవారం, దీపానికి ఒక్కటి లేదు." ఇందులో సాయం ఉంది, కారణం ఉంది. "కూర్చో, ఇది చెయ్యి" అంటే మా అత్తమ్మే కాదు, ఎవరూ చెయ్యరు. వద్దంటే బతిమాలకండి. ట్రే మీ ముందు పెట్టుకుని మీరే చేస్తూ ఉండండి. నేను చేసే వత్తులు చూసి తట్టుకోలేక ఆమె చాలాసార్లు లాక్కుంది.

కూర్చోవడం. ఎదురుగా కూర్చుంటే మీ కుడి ఆమెకు ఎడమలా కనిపిస్తుంది. పక్కనే కూర్చోండి, ఆమె ఏ చేత్తో పని చేస్తుందో ఆ వైపు.

చూపించడం. నోరు మూసుకుని చూపించాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. మాట వింటూ చేతులు చూడడం ఆ మెదడుకు రెండు పనులు. దూది చిటికెడు తీయండి, సాగదీయండి, విభూది అద్దండి, పీట మీద పెట్టి అరచేత్తో ఒకే వైపు నెట్టండి, గిన్నెలో వేయండి. ఇదంతా మామూలుకన్నా సగం వేగంతో, ఒక్కో అడుగు దగ్గర కాస్త ఆగి. తర్వాత దూది ఆమె చేతికిచ్చి ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. మనకు నాలుగు దగ్గరే "ఇలా అమ్మా" అని వస్తుంది, ఆపుకోండి.

మొదటి రోజు మా అత్తమ్మ దూది తీసుకుని వెంటనే చుట్టలేదు. బొటనవేలితో, చూపుడువేలితో నలుపుతూ, ఏదో వెతుకుతూ ఉంది. చెయ్యడం మర్చిపోయిందని నాకు గుండె జారింది. ఆమె వెతుకుతున్నది గింజను. వాళ్లింట్లో చేను పత్తితోనే వత్తులు చేసేవాళ్లు, ముందు గింజ తీయాలి. మెడికల్ షాపు దూదిలో గింజెక్కడిది? నేను చెప్పలేదు. రెండు నిమిషాలు వెతికి, లేదని తేల్చుకుని, చుట్టడం మొదలుపెట్టింది. నా వత్తి కన్నా సన్నగా, బిగువుగా వచ్చింది.

ముగించడం. అయిపోగానే "థాంక్స్ అత్తమ్మా, రేపటికి నిశ్చింత" అని గిన్నె తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టాను, ఆమె చూస్తుండగానే. చేసిన పని ఎక్కడికి పోయిందో కనిపించాలి. వంకర వత్తులు కూడా వెలుగుతాయి. చెడిపోయినవాటిని ఆమె ముందు తిరిగి చెయ్యకండి.

పది నిమిషాలు కూర్చుంటే చాలు, గంట కావాలని పట్టుబట్టకండి.

చిన్నపిల్లల్లా చూడకండి

పద్ధతి పిల్లల బడినుంచి వచ్చింది కాబట్టి ఈ పొరపాటు జరగడం తేలిక. ఒకసారి మా అత్తమ్మను ఒక డే కేర్‌లో వారం రోజులు దింపాం. మంచి ఏసీ గది, మంచి మాటలు. బాతు బొమ్మ గీసిన కాగితం, క్రేయాన్లు ఇచ్చి రంగులు వేయించారు. వేసినాక అందరూ చప్పట్లు కొట్టి "గుడ్ గర్ల్" అన్నారు. తిరిగి ఆటోలో వస్తుంటే నన్ను అడిగింది, "నన్ను బడిల ఏసినవా?" మర్నాటినుంచి పంపలేదు.

ప్లాస్టిక్ కూరగాయలు, కార్టూన్ పజిల్స్ వద్దు. చప్పట్లు వద్దు. "గుర్తుందా?", "నేనెవరో చెప్పు చూద్దాం" లాంటివి అసలే వద్దు, అది పరీక్ష పెట్టడమే, ఫెయిలవుతామని వాళ్లకూ తెలుసు. వచ్చిన చుట్టాలు ఈ పరీక్ష పెట్టకుండా గుమ్మం దగ్గరే చెప్పి లోపలికి పంపండి. "నేను మీ వరంగల్ రాధను పిన్నీ" అని వాళ్లే పేరు చెప్పుకోవాలి.

కష్టమైతే పని తీసేయకండి, మెట్లు తీసేయండి

అదే పని నెలలు గడిచేకొద్దీ బరువవుతుంది. అప్పుడు చాలామంది "ఇక చేతకాదు" అని ట్రే అటక మీద పెట్టేస్తారు. దాని బదులు ఒక మెట్టు దిగండి. వత్తులనే తీసుకుంటే:

- అన్నీ తనే: దూది విడదీయడం, చుట్టడం, పదేసి లెక్కపెట్టి దారంతో కట్టడం.
- లెక్క తప్పుతుంటే పది గడుల అట్ట ఇవ్వండి, గడికొకటి పెడితే లెక్క దానంతటదే వస్తుంది.
- దూది ఎంత తీయాలో తెలియకపోతే చిన్న ఉండలు మీరే చేసి పెట్టండి, చుట్టడం ఆమెది.
- పొడుగు వత్తి రాకపోతే పువ్వు వత్తి.
- అదీ రాకపోతే దూది విడదీయడం ఒక్కటే ఆమెది, చుట్టేది మీరు. పక్కపక్కనే కూర్చుని.

ముగ్గు కూడా ఇంతే. చుక్కలు ఆమె పెట్టలేకపోతే మీరు పెట్టండి, కలపడం ఆమెది. కలపలేకపోతే చాక్‌పీస్‌తో లేతగా గీసి ఇవ్వండి, దాని మీద దిద్దుతుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పచ్చిబఠానీ ఒలవడం, కరివేపాకు దూయడం, ఉతికిన టవల్స్ మడతపెట్టడం, తమలపాకులు తుడవడం, పూలు కట్టడం: దేనినైనా ఇలా విడగొట్టవచ్చు. పూలు కట్టే దారం ఒక కొస కుర్చీకి కట్టి ఇవ్వండి, కాలి బొటనవేలికి వేసుకునే ఓపిక అందరికీ ఉండదు.

మగవాళ్లకు ఏం పని ఇవ్వాలి

ఇది నన్ను అందరూ అడుగుతారు, ఎందుకంటే మన ఇళ్లలో మగవాళ్ల పనంతా ఇంటి బయటే. మా అపార్ట్‌మెంట్‌లో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరైన బాబాయిగారు ఉన్నారు. రోజూ పొద్దున ఐదింటికి లేచి డ్యూటీకి పోవాలని షర్ట్ వేసుకుని గేటు దగ్గర నిలబడేవారు. వాళ్ల అబ్బాయి ఆపితే కొట్టబోయేవారు. సందు చివర కిరాణా కొట్టాయనకు రోజూ చిల్లర బోలెడు వస్తుంది. ఇప్పుడు రాత్రి ఆ చిల్లర సంచి వాళ్లింటికి వస్తుంది. పొద్దున లేవగానే టీ తాగి, తోలు సంచి మెడలో వేసుకుని కూర్చుని, ఒకటి, రెండు, ఐదు, పది బిళ్లలు వేరు చేసి, పదేసి దొంతులు పెడతారు. చెక్కలో నాలుగు గాడులు చేయించారు, దొంతి పది దాటితే పైకి పొడుచుకొస్తుంది. ఎనిమిదింటికి అబ్బాయి సంచి కొట్లో ఇచ్చేస్తాడు. కొట్టాయన ఒకరోజు వచ్చి "సార్, నిన్న లెక్క కరెక్టుగా వచ్చింది" అన్నాడట. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారని పిన్నిగారు చెప్పింది. నోట్లో పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం బిళ్లలు ఇవ్వకండి.

మెకానిక్‌గా చేసినవాళ్లకు నట్లు, బోల్టులు సైజుల వారీగా. టైలర్‌కు గుండీలు, గుడ్డముక్కలు. ఆఫీసు చేసినవాళ్లకు పాత బిల్లులు తేదీల వరసలో పెట్టి ఫైలు చేయడం. మాస్టారు గారైతే మనవడి హోంవర్క్ మీద టిక్కు పెట్టనివ్వండి. కామెరాన్ క్యాంప్ కూడా డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లతో చిన్నపిల్లలకు పాఠాలు నేర్పించి చూశాడు. మా ఇంట్లో మనవడు చింటూకు అష్టాచెమ్మా నేర్పింది అత్తమ్మే. పందేలు లెక్కలో వాడిని మోసం కూడా చేసింది.

ఒకే ప్రశ్న అరవై సార్లు

"చింటూ ఎప్పుడొస్తడు?" మధ్యాహ్నం రెండు నుంచి మొదలు. జవాబు చెప్పీ చెప్పీ నాకు ఏడుపు వచ్చేది. దీనికి కొంత విరామం ఇచ్చి మళ్లీ గుర్తుచేయించే పద్ధతి ఒకటి ఉంది, అదీ క్యాంప్ డిమెన్షియా ఉన్నవాళ్లతో బాగా వాడిందే.

గోడ మీద బోర్డు పెట్టి "చింటూ 5 గంటలకు వస్తాడు" అని రాశాను, పక్కనే పెద్ద అంకెల గడియారం. ఆమె నేర్చుకోవాల్సింది టైము కాదు, ఎక్కడ చూడాలో. "అత్తమ్మా, చింటూ ఎప్పుడొస్తడో బోర్డు మీద ఉంటది. ఎక్కడ చూస్తవ్?" అని వెంటనే అడగాలి. "బోర్డు మీద" అని, లేచి చూడాలి. పదిహేను సెకన్లు ఆగి మళ్లీ అదే ప్రశ్న, అవే మాటలతో. తర్వాత అర నిమిషం, ఒక నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది. మధ్యలో మామూలు కబుర్లు చెప్పుకోవచ్చు. తప్పితే ఊహించమనకండి, క్లూలు ఇవ్వకండి. జవాబు మీరే చెప్పి, వెంటనే ఒకసారి అనిపించి, ఆఖరుసారి సరిగ్గా చెప్పిన విరామానికి వెనక్కి వెళ్లండి. మాకు మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ అడుగుతుంది, కానీ చాలాసార్లు తనే బోర్డు వైపు తిరుగుతుంది. చేతికర్ర పట్టుకునే లేవాలన్నదీ ఇలాగే అలవాటు చేశాం.

చనిపోయినవాళ్ల గురించి అడిగితే ఈ పద్ధతి వాడకండి. మామయ్య ఎక్కడని అడిగిన ప్రతిసారీ పోయాడని చెప్తే ఆమెకు ప్రతిసారీ కొత్త చావే. "మామయ్యకు ఏ కూర ఇష్టం అత్తమ్మా?" అని ఆయన కబుర్లలోకి తీసుకెళ్తాను.

జాగ్రత్తలు

గ్యాస్ రెగ్యులేటర్ పని లేనప్పుడు ఆఫ్. మాత్రలు తాళంలో. వత్తులు ఆమె చేస్తుంది, దీపం మాత్రం నేనే వెలిగిస్తాను, చీర కొంగు సంగతి మనకు తెలిసిందే. పేరు, ఇంటి ఫోన్ నంబరు గాజులాంటి బ్యాండ్ మీద చెక్కించి చేతికి వేయండి. పర్సులో చీటీ పెడితే పర్సు ఇంట్లోనే ఉంటుంది, మనిషి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉంటుంది. వాచ్‌మన్‌కు, సందులో కొట్లవాళ్లకు జబ్బు సంగతి దాచకుండా చెప్పండి. సీనియర్ సిటిజన్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

అటెండెంట్‌ను పెట్టుకుంటే మొదటి రోజే నోట్‌బుక్ చేతిలో పెట్టండి. మొదటి పేజీలో ఐదే మాటలు ఉండాలి: ఎలా పిలవాలి, ఏ పని ఇష్టం, ఏ మాటకు కోపం వస్తుంది, లెట్రిన్‌కు ఎలా అడుగుతుంది, భయపడితే ఏం చెయ్యాలి. భాష కూడా చూసుకోండి. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది తల్లి భాషకే వెళ్లిపోతారు. భాషలంటే గుర్తొచ్చింది, నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు: రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు లేనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన నగరానికి అది ఎంతోకొంత మేలు చేసినట్టే. మా అత్తమ్మ మాత్రం ఆటోవాళ్లతో మాట్లాడే ఉర్దూ మొత్తం మర్చిపోయింది, సిద్దిపేట తెలుగు మిగిలింది.

మీరు కూడా రోజూ ట్రే ముందు కూర్చోలేరు. ఓపిక లేని రోజు టీవీ పెట్టేయండి, తప్పేం లేదు. నేనూ పెడతాను.

పని చెయ్యలేని రోజులు వస్తాయి. అప్పుడు చేతికి తగిలేవి, ముక్కుకు తెలిసేవి ఇవ్వండి: పాత నూలు చీర, మరువం, కొత్త చింతపండు వాసన. ఉయ్యాల పాటో బతుకమ్మ పాటో మీరు ఎత్తుకుంటే, మాట పోయిన మనిషి కూడా ఒక్కోసారి చివరి పదం అందుకుంటుంది.

పోయిన కార్తీకానికి మా ఫ్లోర్‌లో నాలుగిళ్లకు వత్తులు అత్తమ్మవే వెళ్లాయి. ఈ ఏడాది చుట్టడం రావడం లేదు, పువ్వు వత్తి కూడా. ట్రేలో దూది గిన్నె ఒక్కటే ఉంచాను. నిన్న పొద్దున పక్కన కూర్చుని నేను చుడుతుంటే, చిటికెడు దూది తీసి, వేళ్ల మధ్య నలిపి, గింజ కోసం వెతికింది. లేదని చూసుకుని నా చేతిలో పెట్టింది.